బిడ్డ చదువు - ఇంటి గడువు



ఎల్.బి.నగర్ కూడలియందు ఉదయమున నిలిచి చూచువారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. నల్లగొండ వైపునుండి బస్సు వచ్చి ఆగును. తండ్రి బియ్యపుమూటను, కుమారుడు పుస్తకముల సంచిని దించుకొందురు. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఇచ్చటికి వచ్చినది మొదలు దిల్‌సుఖ్‌నగర్ చేరుట కొన్ని నిమిషముల పని. అచ్చట ఏ మేడను చూచినను కోచింగు సెంటర్ల బోర్డులే. గంటలోపల ఫీజు చెల్లించి, హాస్టలులో మంచము కుదిర్చి, తండ్రి మధ్యాహ్నపు బస్సున తిరిగిపోవును. ఆ గంటయు మాటలాడినవారు తండ్రియు, ఆఫీసు గుమాస్తాయును. చదువవలసినవాడు సంచి మోయుచు నిలుచుండెను.

తల్లిదండ్రులను నిందించుట నా యుద్దేశము కాదు. పొలము తాకట్టుపెట్టి తెచ్చిన సొమ్మది; ప్రేమ లేనిచో తెత్తురా? అయితే ఆ సొమ్ము ఎన్ని నెలలకు సరిపోవునో, ఎన్ని మారులు పరీక్ష వ్రాయవచ్చునో బిడ్డతో కూర్చుండి లెక్క చూచిన యిండ్లు అరుదు. “నీవు చదువుకో నాయనా, డబ్బు సంగతి నీకెందుకు?” అందురు. దయతో అన్న మాటయే. కాని లెక్క తెలియని బిడ్డ మనస్సులో ఆ అప్పు ఉన్నదానికంటె పెద్దదై కూర్చుండును. పరీక్ష తప్పిననాడు ఇంటికి ఫోను చేయుటకే జంకును.

శ్రమ యొక్కటియే చాలదని గ్రూప్-1 పరీక్షల కథ మనకు చూపినది. 2022 ఏప్రిల్‌లో 503 ఉద్యోగములకు ప్రకటన వెలువడెను. అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగెను. ప్రశ్నపత్రముల లీకు బయటపడగా 2023 మార్చిలో అది రద్దయ్యెను. జూన్ 11న మరల జరిపిరి. సెప్టెంబరులో హైకోర్టు దానిని గూడ రద్దుచేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన, జూన్‌లో మూడవమారు ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. రెండున్నర యేండ్లు! హాస్టలు అద్దె ఆగలేదు. “ఇంకను కాలేదా?” అను చుట్టముల ప్రశ్నయు ఆగలేదు. ఇందు చదివినవాని తప్పేమున్నది?

కనుక డిగ్రీ రెండవయేటనే గడువును గూర్చి మాటలాడుకొనుడు. ఇంత కాలము, ఇంత సొమ్ము. అంతలో కాకపోయిన పక్షమున ఏ పని చూచుకొనవలెనో ఆనాడే అనుకొనుడు. పరీక్షయే రద్దైనచో ఆ గడువును మరల కలిసి కూర్చుండి సవరించుకొనవచ్చును. ముందుగా అనుకొన్న రెండవ దారి ఓటమివలె తోచదు. తప్పిన పిదప చూపినచో తప్పక తోచును. ఆడపిల్ల విషయమున ఈ గడువును పెండ్లి సంబంధము నిర్ణయించుట మనలో కలదు. అన్నకు మూడేండ్లును, చెల్లెలికి ఒక్క యేడును ఇచ్చుట న్యాయమని నాకు తోచదు.

మరియొక మాట. కోరిన ఉద్యోగమున ఉదయమునుండి సాయంకాలమువరకు ఏమి చేయుదురో పిల్లలలో చాలమందికి తెలియదు, మనకును తెలియదు. ఎరిగిన ఆడిటరుగారి యొద్దనో, మండల కార్యాలయమున పనిచేయు బంధువు యొద్దనో ఒకనాడు గడిపి రమ్మని పంపుడు. దానికి ఫీజు లేదు.

ఇక ఈమారు ఎల్.బి.నగర్‌లో దిగినప్పుడు, ఫీజు కట్టకముందే, మెట్రో స్తంభముల క్రింద ఏ టీకొట్టు కడనో అరగంట కూర్చుండుడు. లెక్కల కాగితము వాని చేతికిచ్చి, వానినే మొదట మాటలాడనిండు. మధ్యాహ్నపు బస్సు పోయినను సాయంకాలము మరియొకటి కలదు.