కారు అడుగు రేకుల సంరక్షణ

గోదావరి లంకలలో ఇల్లు కట్టుకొనువారు పైకప్పు సంగతి తలచుటకు ముందే అరుగు ఎత్తును చూచుకొందురు. నీరు క్రిందినుండి వచ్చునని వారికి తెలియును. పాత కారును బాగుచేయించుకొనునప్పుడు మాత్రము మనము పైరంగును చూచి మురిసి, అడుగు రేకును మరచిపోవుదుము.

మేమును అట్లే అమలాపురమున ఒక పాత అంబాసిడరు కొంటిమి. దాని అడుగున తారుపూత నిగనిగలాడుచుండెను. వానకాలము గడచిన పిమ్మట తివాచీ ఎత్తి చూడగా, డ్రైవరు పాదముల చోట స్క్రూడ్రైవరు మొన రేకులోనికి సులువుగా దిగిపోయినది. ఎవరో తుప్పు తీయింపకయే దానిపై తారు పూయించిరి. నీటిని ఆపుటకు వేసిన పూత, లోన చేరిన నీటిని బయటికి పోనీయలేదు.

ఇది అందమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. 1957 నుండి 2014 వరకు కలకత్తా సమీపమున ఉత్తరపారలో తయారైన అంబాసిడరుకు, లారీకివలె అడుగున వేరొక చట్రము లేదు. అడుగు రేకు, ప్రక్కలు, పైకప్పు కలిసియే దాని బలము. అడుగు చివికినచో ప్రయాణికుల ప్రాణమునకే ముప్పు.

ఇనుమునకు నీరు, గాలిలోని ప్రాణవాయువు తోడైన తుప్పు పుట్టును. ఉప్పు దానిని త్వరపరచును. కోనసీమ తీరపు గాలిలో ఉప్పున్నది, కాలువగట్లపై బురదయున్నది. తడిసిన కొబ్బరిపీచు పట్టలు లోపలినుండియు చెమ్మను పట్టియుంచును.

కావున పనికి ఒక వరుస యున్నది. మొదట సీట్లు, పట్టలు తీసివేసి రేకును బాగుగా ఆరబెట్టవలెను. ఉక్కుతీగల బ్రష్షుతో తుప్పును గీకి, మెరిసెడి ఇనుము కనబడువరకు పోవలెను. చివికిన భాగమును కోసివేసి క్రొత్తరేకును వెల్డింగు చేయింపవలెను; ఆ పనికి ముందు బ్యాటరీ తీగను విప్పి, పెట్రోలు ట్యాంకును దింపుట మరువరాదు. పిమ్మట ఎపాక్సీ ప్రైమరు, అది ఆరిన పిదప అతుకులలో సీలంటు, ఆపై రంగు, చివరకు అడుగుభాగమున తారుజాతి పూత. నీరు కారిపోవుటకు ఉంచిన రంధ్రములను మాత్రము మూయరాదు.

తాళ్లరేవు పడవ పనివారు పలకల సందులను నింపిన పిమ్మటనే పైపూత వేయుదురు. మన టింకరింగు పనివారికిని ఆ వరుసయే శరణ్యము. పూతకు తొందరపెట్టక, లోని రేకును చూపింపుమని మనమే అడుగవలెను. ఆ పిదప మనకు మిగిలెడి పని స్వల్పము: వాన వెలిసిన నాడు పట్టలు ఎత్తి ఎండలో వేయుట.