ప్రాచీనాయుధముల సేకరణ

మాదాపురమున సైబర్ టవర్సు భవనము 1998వ సంవత్సరమున ప్రారంభమైనది. నాడు బండలును తుప్పలును నిండియుండిన ఆ ప్రాంతము నేడు హైటెక్ సిటీ యనియు సైబరాబాదనియు పేరొందినది. అక్కడి మేడలలో, హాలు గోడమీద, అడ్డముగా నుంచిన రెండు కత్తులును నడుమ ఒక డాలును అప్పుడప్పుడు మాకు కనబడుచుండును. ఎక్కడివని అడిగినచో కొందరు "అంగడిలో కొన్నామండీ" అందురు. మరికొందరు "మా తాతగారి ఊరినుండి తెచ్చుకొన్నామండీ" అందురు. ఈ రెండవవారి నుద్దేశించియే మేము నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఆ మేడలకు పది కిలోమీటర్లలోపుననే గోలకొండ కోట ఉన్నది. 1687లో ఔరంగజేబు సైన్యము ఎనిమిది నెలలు ముట్టడించి గాని దానిని పట్టుకొనలేకపోయినది. పెట్ల బురుజుపైన ఫతే రహబర్ అను ఫిరంగి నేటికిని చూడవచ్చును. అటుపిమ్మట ఆసఫ్ జాహీల కాలమున ఈ నగరమునకు కొలువు వెదకుకొనుచు ఎన్ని దేశముల యోధులు రాలేదు! యెమెన్ దేశపు హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల వంశీకులు నేటికిని బార్కస్‌లో నివసించుచున్నారు. బ్యారక్సు అను మాటయే బార్కస్ అయినది. ఆఫ్రికా సంతతి ఆశ్వికులుండిన చోటు ఎ.సి. గార్డ్స్ అను పేరుతో నిలిచినది. పంజాబు సిక్కులు వచ్చినారు, రోహిలాలు వచ్చినారు. అరబ్బు నడుమున వంకర జంబియా, సిక్కు తలపాగకు ఉక్కు చక్రము, దక్కనీ సర్దారు మొలలో కటారి. కావున వివిధ వీరజాతుల ఆయుధములను సేకరింపగోరువారు హైదరాబాదు విడిచి దూరదేశములకు పోనక్కరలేదు.

ఈ సంగతిని గుర్తించిన మహనీయులలో మూడవ సాలార్‌జంగు నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ గారు ముఖ్యులు. 1889లో జన్మించి, కొంతకాలము నిజాము దివానుగా నుండి, ఆ పదవి విడిచిన పిమ్మట జీవితమంతయు వస్తుసేకరణకే వెచ్చించినారు. 1949లో అవివాహితులుగనే మరణించినారు. వారి సేకరణ చెల్లాచెదరు గాకుండ 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియముగా తెరువబడినది. 1968లో మూసీ ఒడ్డునగల నేటి భవనమునకు మారినది. అందు ఖడ్గములు, కటారులు, గొలుసు కవచములు, శిరస్త్రాణములు ఒక ప్రత్యేకశాలలో నున్నవి. జహంగీరు పాదుషాదిగా చెప్పు పచ్చరాతి పిడి బాకును, నూర్జహాను పండ్లు కోయు చురకత్తిని చూడక తిరిగివచ్చువారు అరుదు.

ఈ కత్తులలోని ఉక్కు కథ మన తెలుగునాటిదే. మేలైన ఉక్కునకు ఇంగ్లీషువారు పెట్టిన 'వూట్జ్' అను పేరునకు మన దక్షిణభాషల 'ఉక్కు' అను మాటయే మూలమని పండితుల అభిప్రాయము. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో కమ్మరులు ఇనుపముక్కలను మట్టిమూసలలో పెట్టి, మూతిని మట్టితో మెత్తి, కొలిమిలో కరగించి, మెల్లగా చల్లార్చెడివారు. ఆ ముద్దలకొరకు పారసీక దేశపు ఇస్ఫహాను నుండి వర్తకులు అచ్చటికి వచ్చుచుండిరని 1820 ప్రాంతమున ఆ గ్రామమును దర్శించిన వాయిసీ అను ఆంగ్లేయుడు వ్రాసియున్నాడు. అట్టి ఉక్కుతో సాగగొట్టిన అలుగు మీద నీటి అలలవంటి గీతలు కనబడును. లోకమంతయు డమాస్కసు కత్తులని కీర్తించిన వానికి ముడిసరకు మన కమ్మరి చేతిపని!

ఇక మా అనుభవము చెప్పుదుము. మా తాతగారి ఇంట ఒక కటారి ఉండెడిది. ప్రతి దసరాకును దానికి కుంకుమ పెట్టి, జమ్మి ఆకు నుంచి పూజించెడివారు. వారు గతించిన పిమ్మట అది మా వంతునకు వచ్చినది. నల్లగా నున్నదని చింతపండును ఇటుకపొడియు పట్టించి ఒక పూటంతయు తోమినాము. అద్దమువలె మెరసినది. తెలిసిన పెద్దలొకరు దానిని చూచి, "దీని వెన్నుమీద బంగారు రేకు అక్షరములుండవలెనే, ఏమైనవి?" అని అడిగినారు. ఉండెడివి. మేమే తోమివేసినాము. ఉక్కులోని అలలను నేర్పరి మరల తేల్చవచ్చునట. కాని పోయిన అక్షరములను ఎవరు వ్రాయగలరు? ఆ పేరు మా పూర్వులదో, వారికి దాని నిచ్చిన ప్రభువుదో, చెప్పగల తాతగారును లేరు.

అందుచేత విన్నవించుకొనుచున్నాము. ఇంటనున్న పాత ఆయుధమును పులుపుతోగాని ఇసుకకాగితముతోగాని తోమకుడు. చేతిచెమట తుప్పునకు దారితీయును గనుక మెత్తని గుడ్డతో పట్టుకొని, పలుచగా నూనె రాయుడు. తోలు ఒర తేమను పీల్చుకొనును. అలుగును దానినుండి తీసి వేరుగా నుంచుడు. పాత తుపాకి బయటపడినచో, మందు దట్టించియున్నదేమోయని స్వయముగా పరీక్షింపక పోలీసువారికి తెలుపుడు. విదేశములలోనున్న కుమారునికి బహుమతిగా పంపదలచువారు ఒక్కమాట వినవలెను. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన వస్తువు పురావస్తువగును. దానిని సొంతముగా దేశము దాటించుట నేరము.

అన్నిటికన్న సులభమైన పని ఇంకొకటి కలదు. అది ఎవరిది, ఏ ఊరిది, ఎట్లు వచ్చినది అను మూడు సంగతులను ఇంటిలోని పెద్దవారి నడిగి, ఒక కాగితముమీద వ్రాసి, ఆయుధముతోపాటు భద్రపరచుడు. ఖర్చులేని పని. పేరులేని కత్తి అంగడి సరకు. పేరుగల కత్తి వంశచరిత్ర. వచ్చు దసరాకు పూజచేయుటకు ముందుగనే ఆ కాగితము వ్రాయుడు. అడుగుటకు పెద్దవారున్న ఇంటివారు అదృష్టవంతులు.