చిన్నబండి చెప్పు సాక్ష్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



శూద్రక మహాకవి తన నాటకమునకు నాయకుని పేరు గాని, నాయిక పేరు గాని పెట్టలేదు. ఒక పసివాని ఆటబండి పేరు పెట్టినాడు. మృచ్ఛకటికమనగా మట్టిబండి. చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారుబండితో ఆడుకొనును. వారు దానిని తీసికొనిపోగా, తనకిచ్చిన మట్టిబండి వలదని యేడ్చును. అది చూచి వసంతసేన తన నగలను ఆ మట్టిబండిలో నింపి, వీనితో బంగారుబండి చేయించుకొమ్మనును. తరువాతి కథకు ఆ నగలే మూలము. కావున పెద్దల సభలో ఆటబండిని గూర్చి మాటాడుట చిన్నతనమని యెవరును తలపనక్కరలేదు.

సింధునదీ ప్రాంతమున హరప్పా, మొహెంజొదారో నగరములను త్రవ్విన పండితులకు మట్టితో చేసి కాల్చిన చిన్నబండ్లు లభించినవి. అవి సుమారు 4500 సంవత్సరముల నాటివి. ఆనాడు ధాన్యము మోసిన కొయ్యబండ్లు మట్టిలో కలిసిపోయినవి. వాని రూపమెట్టిదో నేడు తెలియుటకు ముఖ్యాధారము పిల్లల యాటబండ్లే. బరువు మోసిన పెద్దబండి నశించినది. ఏ బరువును మోయని చిన్నబండి దాని పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది. నేటి ప్రసంగములోని ముఖ్యాంశము ఇదియే.

పట్టణములలో ట్రాముబండ్ల నమూనాలను, లైటు రైళ్ల నమూనాలను చేయుట, సేకరించుట ఒక వ్యాసంగముగా పెట్టుకొన్నవారు కలరు. ట్రాము అనగా వీధిలో పరచిన పట్టాలపై జనుల నడుమ నడచు తేలికబండి. దానినే కొన్ని దేశములలో ట్రాలీ యందురు. మన స్టేషనుల యొద్ద పట్టాలు పరీక్షించుటకై కూలీలు త్రోయు ట్రాలీ వేరు. పూర్వపు వీధిబండి కప్పుమీద నొక యేటవాలు బొంగు, దాని కొసన చిన్న చక్రము ఉండెడివి. ఆ చక్రము పైతీగను క్రిందినుండి తాకి దొర్లుచు విద్యుత్తును దింపెడిది. ఆ చక్రమునుబట్టియే బండికి ట్రాలీ యను పేరు వచ్చినది.

తెలుగువారికి ట్రాము క్రొత్తది కాదు. మద్రాసులో విద్యుత్ ట్రాము 1895లోనే నడచినది. చదువులకు, వ్యాజ్యములకు, అచ్చుపనులకు ఆ నగరమునకు పోయిన మన పెద్దలనేకులు దానిలో ప్రయాణము చేసినవారే. 1953 ఏప్రిలు 12న అది నిలిచిపోయినది. ఆ యేడే అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడినది. బొంబాయి ట్రాము 1964లో ఆగినది. కలకత్తాలో 1873లో గుర్రములతో మొదలై, 1902లో విద్యుత్తునకు మారిన ట్రాములలో నేడు మిగిలినది స్వల్పము. ఉత్తరమున నౌపడానుండి పర్లాకిమిడికి 1900లో వేసి, 1931 నాటికి గుణుపురము చేరిన చిన్నరైలు పట్టా 2004లో మూతపడినది. దాని స్థానమున పెద్దపట్టా వచ్చినది. ప్రయాణికులకది మేలే. కాని ఆ చిన్నపెట్టెలలో బల్ల యెంత యెత్తున నుండెడిది, కిటికీ యెట్లు దిగెడిది, మెట్టు ఎన్ని యంగుళముల వెడల్పు అని రేపు మనుమడు అడిగినచో సమాధానము చెప్పువారెవరు?

హైదరాబాదు వీధులలో ట్రాము నడువలేదు. నిజాం రైల్వేవారు 1932లో బస్సులను నడిపిరి. పట్టణపు రైలు చాలకాలము తరువాత, 2017 నవంబరులో, స్తంభములపై మెట్రోగా వచ్చినది. అది ట్రాముకంటె పెద్దది, వేగము గలది. ఐనను ఊరినడుమ విద్యుత్తుతో నడచు రైలగుటచే ట్రామునకు దాయాదియే.

అమీరుపేట, పంజగుట్ట స్టేషనులకు అనతిదూరమున శ్రీనగర్ కాలనీ కలదు. మన పల్లెలనుండి ఉద్యోగములకు పోయి ఆ ప్రాంతమున కాపురమున్నవారు పెక్కుమంది. అచ్చటి బాలుడొకడు మెట్రో రైలు నమూనా చేయ బూనినాడనుకొందము. అమీరుపేటలో రెండు మార్గములు ఒకదానిపై నొకటిగా దాటుచున్నవి. పంజగుట్ట మీదుగా ఎల్.బి. నగరమునకు పోవు మార్గము 2018 సెప్టెంబరులో తెరచిరి. యూసుఫ్‌గూడ మీదుగా హైటెక్ సిటీకి పోవునది 2019 మార్చిలో తెరచిరి. చూచుటకు బాలునికి ఇంటిదగ్గరనే కావలసినంత యున్నది. కాని చూచుట చాలదు, కొలువవలెను. కొలిచినదానిని ఒకే నిష్పత్తిలో తగ్గింపవలెను.

ఈ నిష్పత్తి రైతులకు పరిచితమే. గ్రామపటములో అంగుళము నేలమీద 330 అడుగులు. అనగా ఊరు 3960 వంతులు తగ్గి కాగితమున కెక్కినది. గట్టు, కాలువ, బావి, శ్మశానము అన్నియు ఒకే లెక్కను తగ్గినవి. ఒకరి పొలము ఒక లెక్కను, వేరొకరి పొలము మరియొక లెక్కను తగ్గించినచో అది పటము కాదు, తగవులకు పునాది. రైలు నమూనాకును ఇదే న్యాయము. లోకమున ఎక్కువ వాడుకలోనున్నది 87వ వంతు.

మెట్రో పట్టాల నడుమ ఎడము 1435 మిల్లీమీటర్లు. దానిని 87చే భాగించిన 16½ మిల్లీమీటర్లు వచ్చును. అంగడిలో అమ్ము నమూనా పట్టా ఎడము సరిగా అంతయే. పెట్టె వెడల్పు సుమారు 2.9 మీటర్లు, నమూనాలో 33 మిల్లీమీటర్లు. కావున శ్రీనగర్ కాలనీ బాలుని మెట్రోకు లెక్క చక్కగా సరిపోవును. కాని వాడే బేగంపేట మీదుగా పోవు పెద్దరైలును చేయదలచినచో చిక్కు వచ్చును. మన పెద్దపట్టా ఎడము 1676 మిల్లీమీటర్లు. 87వ వంతున 19¼ కావలెను. అంగడి పట్టా 16½ మాత్రమే. నిజమైన కొలతలో అది సుమారు తొమ్మిదిన్నర అంగుళముల లోటు. బండి నడచును, చూచువారు మెచ్చుదురు, లెక్క మాత్రము తప్పు. మద్రాసు ట్రాము మీటరు పట్టామీద నడచినది. దానికి పదకొండున్నర మిల్లీమీటర్లు కావలెను, దొరకునది పన్నెండు. పర్లాకిమిడి రైలు పట్టా 762. దానికి ఎనిమిదిముప్పాతిక కావలెను, దొరకునది తొమ్మిది. ఈ స్వల్పభేదమును మన్నింపవచ్చును. ఏది మన్నింపదగినదో, ఏది తగనిదో ఎరుగుటయే ఈ విద్యలో సగము.

చిన్నయింటివారికి ట్రాము నమూనా మిక్కిలి అనుకూలము. పెద్దరైలు తిరుగుటకు విశాలమైన వంపు కావలెను. ట్రామో, వీధిమలుపులో ఇరుకున తిరుగుటకు పుట్టినది. ఒక్క పెట్టె, రెండు వీధులు, ఒక మలుపు ఉన్నచో భోజనపు బల్లయంత స్థలమున నగరము వెలయును. విద్యుత్తు విషయమున ఒక వింత గలదు. నిజమైన మెట్రో 25,000 వోల్టులను పైతీగనుండి గైకొనును. నమూనాకు 12 వోల్టులు చాలును. అవియు సాధారణముగా క్రిందిపట్టాలనుండియే వచ్చును. ఒక పట్టా రాకకు, ఒక పట్టా పోకకు. అందుచే కుడిచక్రమునకు ఎడమచక్రమునకు నడుమ విద్యుత్తు పారని అడ్డు పెట్టవలెను. మొదట మద్రాసులో విద్యుత్తును నేలలోని గాడినుండి గైకొని, తరువాత పైతీగకు మారిరి. కావున 1895 నాటి బండి నమూనాకు బొంగు తగిలించినచో అది అందముగా నుండవచ్చును గాని అబద్ధమగును.

సేకరణ మాటయు ఒకటి చెప్పవలెను. హైదరాబాదులో మూడవ సాలార్‌జంగు సేకరించిన వస్తువులతో 1951లో తెరచిన వస్తుప్రదర్శనశాలలో బొమ్మలకును చోటున్నది. మన యిండ్ల బొమ్మలకొలువు పేదవాని ప్రదర్శనశాల. విదేశములలో అచ్చుపోసిన ట్రాములను కొని, పెట్టె విప్పకయే బీరువాలో దాచువారు కలరు. విప్పినచో వెల తగ్గునని వారి భయము. వారిని నిందింపనక్కరలేదు, విత్తనము దాచినవాడును ఊరికి ఉపకారియే. కాని సొంతముగా కొలిచి చేసినవానికి దక్కు జ్ఞానము వేరు. మన కొండపల్లివారు తెల్లపొణికికర్రను, ఏటికొప్పాకవారు అంకుడుకర్రను, లక్కను ఉపయోగించి చేయు బొమ్మలకు దేశమున పేరున్నది. కర్రయు, చేతిపనియు మనకు కొదువ కాదు. కొదువ యైనది కొలబద్దయే.

కొలబద్దతోపాటు చిట్టాయు ఉండవలెను. ప్రతి నమూనాకు ఒక కాగితముండవలెను. ఏ బండిని, ఎచ్చట, ఏ తేదీన కొలిచిరి, ఏ వంతున తగ్గించిరి, ఏ భాగము కన్నులార చూచి చేసినది, ఏ భాగము ఊహించి చేసినది అని వ్రాయవలెను. ఊహను ఊహయని వ్రాయుటకు సిగ్గుపడరాదు. అడంగలులో వేయని పంటను వేసినట్లు వ్రాసినచో ఆ తప్పు కొడుకుల కాలమునకు వ్యాజ్యమగును. చిట్టా లేని నమూనాయు అట్టిదే.

దీనికి శూద్రకుని నాటకమే ప్రమాణము. రోహసేనుని బండిలో వసంతసేన ప్రేమతో ఉంచిన నగలను మైత్రేయుడు ఆమెకు తిరిగి యిచ్చుటకై పట్టుకొనిపోవుచుండగా, న్యాయసభలో జరిగిన పెనుగులాటలో అవి అతని చంకనుండి జారిపడినవి. నగలు నిజమైనవే. అవి ఆమెవే. కాని ఎవరు, ఎందుకు ఇచ్చిరో తెలుపు ఆధారము సభలో లేదు. నిర్దోషియైన చారుదత్తుని మెడమీదికి అవి సాక్ష్యమై వచ్చినవి. వస్తువు తనంతట తాను సత్యము పలుకదు. దాని చరిత్ర ప్రక్కన నున్నప్పుడే పలుకును.

ఈ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములుగా పుస్తకములను దాచినది. పుస్తకముల ప్రక్కన ఒక అర నమూనాలకై కేటాయించుట ఈ రజతోత్సవమునకు తగిన జ్ఞాపకచిహ్నము. శ్రీనగర్ కాలనీ బాలుడు మెట్రోను చేసి పంపినచో దానికి స్థలమున్నది. కాని ముందుగా మన యూరి పిల్లలు గూడుబండిని, మోటబావి గిలకను, స్టేషను ట్రాలీని కొలువవలెను. మెట్రోకు పటములున్నవి, లెక్కలున్నవి, గూడుబండికి ఏమున్నది? దానిని చేసిన వడ్రంగుల చేతిలెక్క తప్ప మరేమియు లేదు. ఆ వడ్రంగులు వృద్ధులైనారు. వారు జీవించియుండగానే కొలబద్దతో వారి వాకిట కూర్చుండుట నేటి బాలుర వంతు. వ్రాసిన కాగితమును భద్రపరచుట గ్రంథాలయము వంతు.

స్వస్తి.