శ్రోతలకు రుచింపని రికార్డు

కచేరీ జరుగుచుండగా ముందు వరుసలోని రసికుడొకడు చీటీ పంపును. తనకు ముప్పది యేండ్లుగా అలవాటైన కీర్తననే పాడవలెనని అందు వ్రాసియుండును. విద్వాంసుడు చీటీ చూచి, చిరునవ్వు నవ్వి, దానినే యెత్తుకొన్నచో సభ సంతోషించును. ఎత్తుకొనక, తాను క్రొత్తగా సాధించినదేదో పాడబూనినచో కొందరు లేచి కాఫీకి పోవుదురు. గాయకునిపై శ్రోతకు గల ఈ హక్కు ఎంతవరకు న్యాయమైనది? ఈ ప్రశ్నను మన సభలనుండి తప్పించి, ఇంగ్లండు దేశపు రాక్ సంగీతములో ఒకచోట నిలిపి చూడవలెనని మా ఉద్దేశము. 1982వ సంవత్సరమున క్వీన్ అను బృందము వెలువరించిన 'హాట్ స్పేస్' అను రికార్డు నేటి మా విషయము.

ఈ బృందమునకు ప్రధాన గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ. ఆ పేరు ఆయన పెట్టుకొన్నది. తల్లిదండ్రులు పెట్టినది ఫరోఖ్ బల్సారా. 1946లో జాంజిబార్ దీవిలో ఒక పారశీక కుటుంబమున జన్మించి, బాల్యమున మన దేశమునకు వచ్చి, పశ్చిమ కనుమలలోని పంచగనిలో చదువుకొనెను. పియానో అక్కడనే అభ్యసించెను. తోడి విద్యార్థులతో కలసి మొదటి బృందము కూర్చుకొన్నదియు అక్కడనే. 1964లో కుటుంబము ఇంగ్లండు చేరినది. 1970లో లండను నగరమున గిటారు వాద్యకుడు బ్రయన్ మే, డ్రమ్ములు వాయించు రోజర్ టేలర్ ఆయనకు తోడైరి. మరుసటి యేడు జాన్ డీకన్ మంద్రస్వరములు పలికించు బేస్ గిటారుతో వచ్చి చేరెను.

మే గిటారును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. అంగడిలో కొన్నది కాదది. కౌమారములో తండ్రితో కలసి, పాత పొయ్యిగూటికి అమర్చిన కొయ్యతో స్వయముగా చేసికొన్నది. ఆ వాద్యపు నాదమే క్వీన్ బృందమునకు గుర్తు. సింథసైజరు అను విద్యుద్వాద్యమును తాము వాడలేదని 1970వ దశకపు రికార్డుల అట్టలపై వీరు సగర్వముగా అచ్చు వేయించుకొనిరి. వీరి అభిమానులు మార్పును సహింపనివారని మాత్రము అనుకొనరాదు. 1975లో 'బొహీమియన్ రాప్సొడీ' అను పాట నడుమ ఇటలీ సంగీతనాటకపు ఫక్కిని చొప్పించినప్పుడు వారు ఆశ్చర్యపడిరి, ఆనందించిరి.

ఇక డిస్కో. అడుగడుగునకు సమముగా పడు డ్రమ్ము దెబ్బ, దానిపై తిరుగుచుండు బేస్ స్వరముల పల్లవి, నిలువనీయని లయ — ఇవి దాని లక్షణములు. కూర్చుండి వినుటకై పుట్టిన సంగీతము కాదది, ఆడుటకై పుట్టినది. న్యూయార్కు వంటి నగరములలో నల్లజాతివారు, లాటిన్ జాతులవారు, స్వలింగ ప్రేమికులు రాత్రివేళ చేరి నర్తించు శాలలలో 1970 తరువాత పెంపొందినది. 1977లో ఒక చలనచిత్రము దానిని లోకమంతట వ్యాపింపజేసినది. పిమ్మట వెగటు పుట్టినది. 1979 జూలై 12న చికాగోలో, రెండు బేస్‌బాల్ పందెములకు నడుమ, డిస్కో రికార్డులను ప్రోవుపెట్టి మైదానములోనే ప్రేల్చివేసిరి. జనము మైదానముపై విరుచుకొనిపడగా రెండవ పందెము జరుగనేలేదు.

ఇట్టి తరుణమున, 1980లో, డీకన్ కూర్చిన 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' వెలువడినది. షిక్ అను డిస్కో బృందపు 'గుడ్ టైమ్స్' లోని బేస్ వరుసకు అది చుట్టము. దీనిని విడిగా వెలువరింపుడని సలహా ఇచ్చినవారిలో మైఖేల్ జాక్సన్ ఒకడు. అమెరికాలో ఆ పాట ప్రథమ స్థానము నందుకొనెను. నల్లజాతి శ్రోతల రేడియో కేంద్రములు సైతము దానిని ఆదరించెను. ఒక పాట ఇంతగా ఫలించినచో పూర్తి రికార్డే చేయరాదా అని తోచుట సహజము. మ్యూనిచ్ నగరములో పని సాగినది. పగటికంటె రాత్రి ఎక్కువ, స్టూడియోకంటె నాట్యశాలలు ఎక్కువ అన్నట్లు ఆ దినములు గడచినవి.

ఈ ప్రసంగము కొరకు ఆ రికార్డును ఆదినుండి తుదివరకు మరల వింటిమి. మొదటి వైపంతయు నాట్యగీతములే. 'స్టేయింగ్ పవర్' లో ఆరిఫ్ మార్డిన్ కూర్చిన బాకాలు గిటారు చోటును ఆక్రమించినవి. 'బాడీ లాంగ్వేజ్' లో గిటారు దాదాపు లేదు. బేస్ సైతము సింథసైజరుతో పలికించినదే. 'బ్యాక్ చాట్' లో గిటారు ఉండవలెనా వద్దా యని డీకన్‌తో తగవు పడితినని మే తరువాతి కాలమున చెప్పియున్నాడు. ఆ తగవులో మే నెగ్గుట మంచిదైనది: ఆ వైపున ప్రాణము లేచివచ్చు ఘట్టమదియే. లయ కుదిరినదిగాని, పాటలు పలుచన. మెర్క్యురీ కంఠము మాత్రము ఎక్కడను చెడలేదు. రెండవ వైపున రాక్ కొంత తిరిగివచ్చును. చివర డేవిడ్ బోయీతో కలసి పాడిన 'అండర్ ప్రెషర్' కలదు. 1981లోనే విడిగా వెలువడి ఇంగ్లండులో ప్రథమ స్థానము పొందిన ఆ పాట ఇచ్చట దారి తప్పివచ్చిన పెద్దమనిషివలె నిలిచియున్నది.

ఇంగ్లండులో రికార్డు నాలుగవ స్థానము చేరినదిగాని అభిమానులు ముఖము చిట్లించిరి. అమెరికాలో ఇరువదిరెండవ స్థానముతో ఆగినది. 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' వెలువడిన రికార్డు అక్కడ మొదటిది! ఆ జూన్ నెలలో మిల్టన్ కీన్స్ పట్టణమున, క్రొత్త పాటలకు ముందు, మెర్క్యురీ వేదికపైనుండియే శ్రోతలతో వాదమునకు దిగెను: ఇది ఒక రికార్డు మాత్రమే గదా, ఇంత ఉద్రేకమెందులకు అని. తరువాత ఆ బృందము ఎత్తుకొన్న 'స్టేయింగ్ పవర్' వినదగినది. బాకాలు పోయి గిటారులు వచ్చినవి, నడక వడి హెచ్చినది, పాట లేచి నిలుచున్నది. అనగా దోషము పాట కట్టడములో కొంత, వేసిన వేషములో కొంత.

అయినను అసంతృప్తి అంతయు సంగీతమును గూర్చినదే యని మేము ఒప్పుకొనజాలము. సంగీతనాటకమును సహించినవారు నాట్యగీతమును ఏల సహింపరైరి? చికాగో మైదానములో ప్రేలినవి రికార్డులు మాత్రమే కావని, ఆ సంగీతము ఎవరి శాలలలో పుట్టినదో వారిపై ఏవగింపు సైతము అందు కలదని నాడే కొందరు గుర్తించిరి. ఆ గాలి ఇంకను వీచుచుండగా, మీసము పెంచి జుట్టు కురుచగా కత్తిరించుకొన్న మెర్క్యురీ ఆ శాలలవారి పాట పాడెను. వేషము ఆయనకు నప్పినది. శ్రోతలకే నప్పలేదు.

అదే 1982లో మన దేశమున 'డిస్కో డాన్సర్' అను హిందీ చిత్రము జనమును ఊపివేసినది. తెలుగులో 'డిస్కో కింగ్' వచ్చినది 1984లో. చికాగోలో కాల్చిన సరకు మనకు పెండ్లి పందిళ్ళదాక నడచి వచ్చినది. ఎక్కడి రుచి అక్కడిది.

మెర్క్యురీ పశ్చాత్తాపపడినట్లు కానరాదు. 1985లో ఒంటరిగా వెలువరించిన రికార్డులో మరల నాట్యపు లయలనే ఆశ్రయించెను. బృందము మాత్రము 1984 నాటి రికార్డుతో గిటారు వైపు మరలినది. కాని నష్టము తీరలేదు. మెర్క్యురీతో కూడి ఈ బృందము అమెరికాలో పర్యటించుట 1982తోనే ముగిసినది. ఆయన 1991లో మరణించెను.

1985 జూలై 13న లండనులోని వెంబ్లీ క్రీడాస్థలమున, క్షామబాధితుల సహాయార్థము జరిగిన మహాసభలో, క్వీన్ బృందమునకు ఇరువది నిమిషముల కాలమిచ్చిరి. వారు ఆరు పాటలు పాడిరి. 'హాట్ స్పేస్' నుండి ఒక్కటియు లేదు. అయితే రెండవ పాట 'రేడియో గా గా'. మన రేడియోను గూర్చినదే; టేలర్ వ్రాసినది. అది నడచుట సింథసైజరుపైనను, యంత్రపు డ్రమ్ము దెబ్బపైనను. ఆ దెబ్బకే డెబ్బది వేల జతల చేతులు తలలకు మీదుగా లేచి, ఒక్క మారుగా చప్పట్లు చరచెను.