సంఘశీలము - నూతన కార్యము



సంఘమున నూతన కార్యములు నిలుచుటకు ధనము మాత్రమే చాలదనియు, సంఘశీలమును నాయకుల ధర్మబుద్ధియుఁ గావలయుననియు మనవి చేయఁదలఁచితిని. నాయకశబ్దము 'నీ' ధాతువునుండి పుట్టినది. కొనిపోవువాఁడు నాయకుఁడు. తాను నడువని త్రోవను ఇతరుల నెట్లు కొనిపోఁగలఁడు?

ఇందులకు నిదర్శనము దూరదేశములందు వెదకఁ బనిలేదు. ఈ నగరమును బెజవాడ యని పిలుచు కాలమున, 1914వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీని, ఇచటి రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశపు గ్రంథాలయ సేవకులు సమావేశమైరి. అయ్యంకి వేంకటరమణయ్యగారు పూనికతో సమకూర్చిన ఆ సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. కన్నుచూపు కోల్పోయిన పండితులు పుస్తకసభకు అగ్రాసనాధిపతులగుట యెంత యర్థవంతము! తాము స్వయముగాఁ జదువలేని గ్రంథములను లోకమంతయుఁ జదువవలయునని వారు కోరిరి. అస్పృశ్యులని దూరముగా నుంచఁబడిన బాలురకు 1909లో రాజమహేంద్రవరమున పాఠశాల నెలకొల్పినవారును వారే. మాటకు ముందు నడత యుండుటచేతనే వారి మాటకు బరువు గలిగెను.

ఆ సభనుండి గ్రంథాలయ సంఘము పుట్టినది. అంతకు ముందు ఏ యూరి పుస్తకశాల ఆ యూరిదే. సంఘ మేర్పడిన పిమ్మట ఒక యూరి యనుభవము మఱియొక యూరికి పాఠమయ్యెను. సేవకులు యాత్రలు సలిపి గ్రామగ్రామమునకును బోయిరి. 'పుస్తక మింకను ఎవరికి అందలేదు?' అని యడుగుట వారికి నిత్యవ్రతమయ్యెను.

ఆ ప్రశ్నకుఁ గలిగిన యొక యుత్తరమును వినుఁడు. 1855లో ఆనకట్ట ముగిసిన పిమ్మట కృష్ణకాలువలు పైరులకు నీరిచ్చుటయే కాక పడవలకుఁ ద్రోవలయ్యెను. పడవలో ప్రయాణము దీర్ఘము, కూర్చున్నవారికిఁ బనిలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు పెదవడ్లపూడుల నడుమ నడచు పడవలో పుస్తకముల నుంచిరి. నౌకా గ్రంథాలయ మిట్లు వెలసినది. పడవ క్రొత్తది కాదు, పుస్తకము క్రొత్తది కాదు. రెంటిని గలిపిన బుద్ధి క్రొత్తది. సంఘమున ఆ ప్రశ్న వేళ్లూనియుండుటచేతనే యీ బుద్ధి పుట్టినది, పుట్టినది నిలిచినది.

మహాశయులారా! ఇఁక మన సంఘము మాట. మనవారి ధనముతోఁ గట్టిన పఠనమందిరమును మనవారికే పరిమితము చేయవలయునా, సర్వకులములవారికిని దెఱవవలయునా యను చర్చ మనలోఁ గలదు. దాతల యుద్దేశమునకు భంగము గలుగునేమో యని కొందఱు పెద్దలు శంకించుచున్నారు. వారి శంక గౌరవింపఁదగినదే. కాని విద్య పంచినకొలఁది పెరుగు ధనము. పొరుగింటి బాలుఁడు చదివినంత మాత్రమున మన బాలునికిఁ దఱుగునది లేదు. తలుపు మూసిన గది దాతకుఁ గీర్తి నీయదు.

కావున మూఁడు విన్నపములు. ఏటేట జమాఖర్చులు సభలో బహిరంగముగాఁ జదువుఁడు. యువకుల సూచనలను నవ్వక వినుఁడు. బాగున్నచో వారికే యప్పగింపుఁడు. ఆ మందిరపుఁ దలుపు అందఱికిని దెఱవుఁడు. పెద్దలు ముందు నడచిన పిల్లలు వెంట వత్తురు.

సంఘము చిరకాలము వర్ధిల్లుఁగాక!