పదిహేను అక్షరాలు, మూడే ముక్కలు: ఫ్రెంచ్ పెద్ద క్రియలు ఇలా పలకండి

సంగం నుంచి మళ్ళీ వచ్చేశా. కెనడా పీఆర్ కోసం ఫ్రెంచ్ నేర్చుకుంటున్నా కదా. 30 వచ్చాయంటే వయసు పాయింట్లు ఏటా తగ్గుతాయి, నాకేమో టైం దగ్గరపడింది. మొన్న మాక్ స్పీకింగ్ టెస్ట్‌లో "వాళ్ళు పనిచేస్తారు" అనబోయి "ఇల్ ట్రావైలెంట్" అన్నా. టీచర్‌కి ఒక్క ముక్క అర్థం కాలా. అనాల్సింది "ఇల్ త్రావాయ్". అంతే!

ఏందబ్బా ఇది అనుకున్నా. తెలుగులో రాసిందంతా పలుకుతాం. ఆ అలవాటే నన్ను ముంచింది. ఇప్పుడు మూడు స్టెప్పులు పెట్టుకున్నా.

ఒకటి, "వాళ్ళు" క్రియల చివర ఈ-ఎన్-టీ ఉంటే పలకొద్దు. కళ్ళతో చదివి వదిలేయండి.

రెండు, పక్కపక్కన రెండు హల్లులు పలికితే విడగొట్టండి: పార్-లే. మనం "సత్య"ని సత్-య అన్నట్టే. త్ర, ప్ర, బ్ల లాంటి జంటలు మాత్రం విడిపోవు: మోఁ-త్రే.

మూడు, మధ్యలో వచ్చే బలహీనమైన "ఈ" అక్షరం. దాని ముందు ఒక్క హల్లే పలికితే మామూలుగా మాయమవుతుంది: ఎమ్-రే. రెండు పలికితే నిలుస్తుంది: పార్-ల-రే.

ఇప్పుడు స్క్రీన్ మీద మాట చూడండి. "ఛాన్స్ ఉంటే పనిచేసేవాళ్ళు" అని అర్థం. 15 అక్షరాలు. పలికితే త్రా-వాయ్-రే. మూడే! ఇంగ్లిష్ "ట" కాదు, మన "త".

మన యానాం 1954 దాకా ఫ్రెంచ్ పాలనలోనే ఉంది. గోదావరి ఒడ్డున తెలుగు నోళ్ళు పలికిన భాషే ఇది. మనకీ వస్తుంది. పదిసార్లు గట్టిగా అనండి, మీకు కష్టంగా ఉన్న క్రియ కామెంట్‌లో పెట్టండి. ఉంటా!