ఆటల డిస్కుల మరకలు – వానిని శుభ్రపరచు విధము
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇట్టి శుభసమయమున పుస్తకములను గూర్చి మాటలాడక, ఆటల డిస్కులకు అంటిన మరకలను గూర్చి ఉపన్యసించుట యేమని కొందరికి తోపవచ్చును. కాని గ్రంథాలయమనగా కాగితముల కొట్టు కాదు; ఒకరు చేసిన దానిని మరియొకరికి అందించు చోటు. తాటియాకు గ్రంథము గాని, అచ్చుపుస్తకము గాని, డిస్కు గాని, పదిమంది చేతులలో తిరుగునది కనుక పదిమంది చేతి మురికియు దానికి అంటును. పనులకై హైదరాబాదు, బెంగుళూరు పోయివచ్చు మన కనిగిరి ప్రాంతపు యువకులు పాత ఆటయంత్రములను, డిస్కులను వెంట తెచ్చుచున్నారు. అవి ఇంటినుండి ఇంటికి మారుచున్నవి. కొన్ని మన బీరువాలోనికి కూడ దానముగా వచ్చినవి. అట్లు వచ్చిన డిస్కు ఆడకున్నచో పంచెకొంగుతోనో, పండ్లపొడితోనో గట్టిగా రుద్దుట మన అలవాటు. మరకవలన చెడిన డిస్కులకంటె ఆ రుద్దుటవలన చెడినవే హెచ్చు. ఈ మాట చెప్పుటకే నేను నిలబడితిని.

చెడినచో క్రొత్తది కొనవచ్చును గదా యని మీరడుగవచ్చును. ఒక్క ఉదాహరణము మనవి చేసెదను. 2009వ సంవత్సరమున హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ అను సంస్థవారు ఆంజనేయస్వామి బాల్యమును కథగా గైకొని ‘హనుమాన్: బాయ్ వారియర్’ అను ఆటను ప్లేస్టేషన్ 2 యంత్రము కొరకు నిర్మించిరి. ఆ యంత్రమునకు పూర్తిగా మన దేశమందే తయారైన మొదటి ఆటగా అది పేరు పొందినది. అదే సంవత్సరమున హైదరాబాదులోనే గేమ్‌శాస్త్ర అను మరియొక సంస్థవారు కబడ్డీ, బిళ్ళంగోడు, గాలిపటములు మొదలగు మన వీధియాటలను చేర్చి ‘దేశీ అడ్డా’ అను ఆటను వెలువరించిరి. మన పిల్లలు బీళ్లలో ఆడు ఆట అద్దపు తెరమీదికి ఎక్కినది! ప్లేస్టేషన్ 2 యంత్రము 2000వ సంవత్సరమున పుట్టినది. మన గ్రంథాలయపు ఈడుదే. కాని 2013 జనవరి నాటికి దాని తయారీ ఆగిపోయినది. కనుక నేడు ఆ యాటల డిస్కు కావలెనన్నచో ఒకరు వాడి విడిచినది దొరకవలసినదే. అట్టిదానిని రుద్ది పోగొట్టుట, తిరిగి అచ్చుకాని పుస్తకపు పుటలను చింపుటతో సమానము.

శుభ్రపరచుటకు ముందు దాని శరీరమెట్టిదో తెలియవలెను. డిస్కు పన్నెండు సెంటీమీటర్ల వ్యాసము, 1.2 మిల్లీమీటర్ల మందము గల పాలీకార్బొనేటు అను స్వచ్ఛమైన ప్లాస్టిక్కు బిళ్ళ. దానియందు కంటికి కానరాని చిన్న చిన్న గుంటల రూపమున వ్రాతయుండును. ఆ గుంటలపై అద్దమువంటి సన్నని లోహపు పొర యుండును. యంత్రములోని లేజరు కిరణము ప్లాస్టిక్కుగుండ పోయి, ఆ లోహముపై బడి తిరిగివచ్చి వ్రాతను చదువును.

ఇచట మనము తెలిసికొనవలసిన విశేషమొకటి కలదు. సి.డి.యందు ఆ లోహపు పొర మెరయు వైపున లేదు. బొమ్మ ముద్రించిన వైపున, పలుచని లక్కపూతవంటి పూత క్రిందనే యున్నది. కావున మెరయు వైపు గీత పడినచో గీయబడినది ప్లాస్టిక్కు మాత్రమే. బొమ్మవైపు గోటితో గీకినచో వ్రాతయే పోవును. డి.వి.డి.యందు రెండు సగములను అతికి నడుమ వ్రాతనుంతురు. కనుక అది కొంత భద్రము. ప్లేస్టేషన్ 3 మొదలుకొని వచ్చిన బ్లూ-రే డిస్కులందు వ్రాత మెరయు వైపునకు మిల్లీమీటరులో పదియవ వంతు లోతుననే యుండును. దానికి రక్షణగా పైన గట్టి పూత పూయుదురు. మరియు పాత ప్లేస్టేషన్ డిస్కులు అడుగున నల్లగాను, ప్లేస్టేషన్ 2 వారి సి.డి.లు నీలముగాను ఉండును. అది వాని సహజవర్ణము. మరకయని భ్రమించి తోమరాదు.

ఇక వ్రాత సాగు తీరు. అది నడిమినుండి అంచునకు చుట్లు చుట్లుగా, ఒకే దారమువలె పోవును. సి.డి.యందు ఆ చుట్లు ఎంత దగ్గరవన, ఒక తలవెండ్రుక వెడల్పులో సుమారు నలువది చుట్లు ఇమిడియుండును. నడిమినుండి అంచునకు నిలువుగా పడిన గీత ఒక్కొక్క చుట్టును ఒక్కొక్కచోట మాత్రమే ఖండించును. ఆ కొద్ది లోపమును యంత్రము తన లెక్కలచేత సరిదిద్దుకొనగలదు, సి.డి.యందు రెండున్నర మిల్లీమీటర్ల పొడవువరకు వ్రాత పోయినను పూరించుకొను ఏర్పాటు కలదు. కాని చుట్టుదారిని పడిన గీత ఒకే వరుసను దీర్ఘముగా తినివేయును. అందుచేతనే డిస్కును పళ్ళెమువలె గుండ్రముగా తుడువరాదు. నడిమినుండి అంచునకు తిన్నగా తుడువవలెను.

పాటల డిస్కునకును ఆటల డిస్కునకును ఒక భేదము కలదు. పాటలో ఒక అక్షరము జారినను పాట సాగును. దస్తావేజులో సర్వే నంబరు ఒకటి తప్పినచో పొలమే మారిపోవును. ఆట దస్తావేజు వంటిది. సరిదిద్దుటకు వీలుకాని లోపమొక్కటి తగిలినను ఆట నడుమ స్తంభించును.

ఇప్పుడు శుభ్రపరచు క్రమమును మనవి చేసెదను.

మొదట చేతులు సబ్బుతో కడుగుకొని తుడుచుకొనవలెను. మిరపకాయలు తరిగిన చేతితోను, నూనెచేతితోను డిస్కును ముట్టరాదు. అంచును, నడిమి రంధ్రమును మాత్రమే పట్టుకొనవలెను.

రెండవది, దుమ్మును తుడువక ముందు ఊదవలెను. మనది మెట్టప్రాంతము, మన దుమ్ములో సన్నని యిసుక యుండును. దానిపై గుడ్డ వేసి లాగినచో గుడ్డయే ఆకురాయి యగును. నోటితో ఊదిన ఉమ్మి పడును. రబ్బరు బుడ్డితో ఊదుట మేలు.

మూడవది, దుమ్ము పోయిన తరువాత వేలిముద్రలు మాత్రమే యున్నచో, కండ్లద్దములు తుడుచు మెత్తని గుడ్డతో నడిమినుండి అంచునకు తేలికగా తుడిచిన చాలును. సగము డిస్కులకు ఇంతకంటె వైద్యము అక్కరలేదు.

నాలుగవది, జిడ్డుగాని, ఎండిన తేనీటి మరకగాని యున్నచో గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోము ద్రవపు సబ్బును ఒక చుక్క కలిపి, వ్రేలికొనతో మెల్లగా నిమిరి, ధారక్రింద కడుగవలెను. బొమ్మవైపు వీలైనంత తడియకుండ చూడవలెను. మన బోరునీటి గుణము మీకు తెలియనిది కాదు. ఫ్లోరైడు మాట అటుండనిండు. ఆ నీరు ఆరినచోటనెల్ల తెల్లని సున్నపు మచ్చ నిలుచును. ఒక మరకను పోగొట్టి నూరు మరకలు తెచ్చుకొనినట్లగును. కావున చివరిసారి డిస్టిల్డు వాటరుతో కడుగవలెను. బ్యాటరీలలో పోయుటకు అంగళ్లలో అమ్మునది అదే. అయితే బ్యాటరీ యాసిడ్ వేరు, నీరు వేరు. సీసామీది పేరు చదివి తీసికొనుడు. పిమ్మట గుడ్డతో అద్ది, నీడయందు ఆరబెట్టవలెను. ఎండలో పెట్టరాదు. తడి పూర్తిగా ఆరక యంత్రములో వేయరాదు.

ఐదవది, సబ్బునకును పోని జిగురు మరక మెరయు వైపున నున్నచో ఐసోప్రొపైల్ ఆల్కహాలును గుడ్డమీద రెండు చుక్కలు వేసి తుడువవచ్చును. డిస్కుమీద నేరుగా పోయరాదు. దీపమును, పొయ్యిని దూరముగా నుంచవలెను. బొమ్మవైపు అంటిన ధరచీటీని పెరికివేయరాదు. చీటీతో లోహపు పొరయు లేచివచ్చును. అది అట్లేయుండుట మేలు.

చేయరానివి కూడ చెప్పవలెను. గోళ్లరంగు తీయు ద్రవము, పెట్రోలు, కిరసనాయిలు, రంగులలో కలుపు థిన్నరు, అద్దములు తుడుచు అమోనియా ద్రవము — ఇవి పాలీకార్బొనేటును తెల్లబరచుటయో, పగుల్చుటయో చేయును. చేతులకు రాచుకొను శానిటైజరు జిగటపొరను మిగుల్చును. విభూతి, బూడిద, పండ్లపొడి తాకనే రాదు. టూత్‌పేస్టు రుద్దిన గీతలు పోవునని పలువురు చెప్పుదురు. అది ప్లాస్టిక్కును అరగదీయు పదార్థము. చిన్న గీత నొకదానిని మాపి అనేక సన్నగీతలను మిగుల్చును. బ్లూ-రేపై రుద్దినచో రక్షణపూతయే పోవును. నూనెయో, వాసెలినో పూసినచో గీత కొంతసేపు కప్పబడును గాని, యంత్రములోని కటకమునకు జిడ్డంటి మంచి డిస్కులు కూడ ఆడకుండ పోవును.

మరక వేరు, గీత వేరు. మరక పైకి వచ్చి అంటినది, తీయవచ్చును. గీత ప్లాస్టిక్కునందు ఏర్పడిన లోటు, తుడుచుటవలన తీరదు. యంత్రముతో మెరుగుపెట్టు పనివారు పైపొరను కొంత తీసి చదును చేయుదురు. అది ఒకటి రెండుసార్లకు మించి పనికిరాదు, బ్లూ-రేకు అసలే తగదు. పాతది కొనునపుడు డిస్కును ఇంటిదీపమునకు ఎదురుగా పట్టి చూడుడు. సూదిమొనవంటి వెలుగుచుక్క ఒకటి రెండుండుట కలదు. కాని జల్లెడవలె వెలుగు కారుచున్నచో లోహపు పొర రాలినది. ఇక ఏ మందును పనిచేయదు. నడిమి రంధ్రము వద్ద బీట యున్నచో దానిని యంత్రములో వేయరాదు. అచట అది నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగును. పగిలి యంత్రమును కూడ పాడుచేయును. ఒక డిస్కు ఆడనంతమాత్రమున దోషము దానిదేయని నిశ్చయింపరాదు. మంచిదని తెలిసిన మరియొక దానిని వేసి చూచిన తరువాతనే వైద్యమునకు పూనుకొనవలెను.

ఇచట ఒక హెచ్చరిక. మీ పెద్దల యిండ్లలో పద్యనాటకముల పాత గ్రామఫోను ప్లేట్లు ఇంకను ఉండవచ్చును. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ నల్లని ప్లేట్లలో లక్క యుండును. లక్క ఆల్కహాలులో కరుగును. డిస్కునకు మందైన ద్రవమే ఆ ప్లేటునకు విషము. ఒక రోగికి వ్రాసిన మందును వేరొక రోగికి పోసినట్లు చేసి, తాతగారు దాచిన పద్యమును చేజేతుల చెరుపుకొనకుడు.

తుదకు మన గ్రంథాలయమును గూర్చి రెండు మాటలు. పుస్తకములకు వేసినట్లు డిస్కులమీద రబ్బరుముద్ర వేయవద్దనియు, సంఖ్యచీటీలు అంటింపవద్దనియు కార్యదర్శిగారికి మనవి. చీటీవలన డిస్కు ఒకవైపు బరువై తిరుగుటలో ఊగును. సంఖ్యను పెట్టెమీద వ్రాసిన చాలును. డిస్కులను ఒకదానిమీద నొకటి పేర్పక, పెట్టెలలో నుంచి పుస్తకములవలె నిలువుగా అమర్చవలెను. మన వేసవియందు రేకులకప్పు క్రింద నుంచినచో అవి వంగిపోవును. కనుక చల్లని గోడవైపు బీరువా వానికి కేటాయింపవలెను. తీసికొనిపోవునపుడును, తిరిగి యిచ్చునపుడును దీపమువద్ద పట్టి చూచి, గీతలను పెట్టెలోని చీటీపై గుర్తించుకొనినచో ఎవరిమీదను నింద పడదు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ఫలము లేదని మన పెద్దలు చెప్పుదురు. డిస్కు విషయమున మొదటి వైద్యము దానిని అంచున పట్టుకొనుట, పనిదీరగానే పెట్టెలో పెట్టుట. అది చేసినవారికి నేను చెప్పిన తక్కిన పనులు ఏడాదికొకసారియైన అక్కరపడవు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు పుస్తకములను పుటలు మడువక చదివి, తరువాతి వారికి అందించిన చేతులు మీవి. ఆ చేతులకు ఈ మర్యాద క్రొత్తది కాదు. దానినే మీ పిల్లలకు నేర్పి, వారి తరువాత పుట్టువారు కూడ హైదరాబాదులో తయారైన ఆ హనుమంతుని తెరమీద గంతులు వేయించునట్లు చేయుదురని నమ్ముచు, ఇంతటితో విరమించుచున్నాను.